జాబితాలో అడుగున ఉన్న అమెరికా అధ్యక్షులు నిజంగా అంత చేతకానివాళ్ళా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికా అధ్యక్షులనగానే వాషింగ్టన్, లింకన్, ఇద్దరు రూజ్‌వెల్ట్‌లు, కెన్నెడీ గుర్తొస్తారు. మిగతావాళ్ళ పేర్లు కూడా ఎవరికీ తెలియవు. చరిత్రకారుల ర్యాంకుల్లో కింద ఉన్నవాళ్ళు నిజంగా అసమర్థులా, లేక మనకు చెప్పినవాళ్ళే సరిగ్గా చెప్పలేదా? మళ్ళీ చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పాను. అందులో చాలా ఏళ్ళు ఎం.ఏ. పిల్లలకు అమెరికా చరిత్ర పేపరే. నా జవాబు ఏమిటంటే, కొందరికి పెద్ద అన్యాయమే జరిగింది. ఇంకొందరికి ఆ అడుగు స్థానం సరిగ్గా సరిపోయింది. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడానికి పిల్లలకు ఒక పద్ధతి చెప్పేవాణ్ణి. ఆయన ఎంత బాగా ఉపన్యసించాడు, ఎన్ని యుద్ధాలు గెలిచాడు అన్నది కాసేపు పక్కన పెట్టండి. కుర్చీ దిగాక ఆయన సంతకాల్లో ఏవి మిగిలాయో చూడండి. అవి ఇవాళ ఎవరికి పనికొస్తున్నాయో, అప్పట్లో ఎవరి ఉసురు పోసుకున్నాయో చూడండి. ఈ రెండో సగం మర్చిపోతే మనం చేసేది భజన అవుతుంది.

ముందు ఈ ర్యాంకుల సంగతి చెప్పాలి. 1948లో ఆర్థర్ ష్లెసింజర్ సీనియర్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 55 మంది నిపుణులను అడిగి ఒక జాబితా తయారుచేశారు. అది లైఫ్ పత్రికలో వచ్చింది. అందులో 29 మంది అధ్యక్షులుంటే యులిసిస్ గ్రాంట్‌ది 28వ స్థానం, వారెన్ హార్డింగ్‌ది 29. ఆ తర్వాత ఇలాంటి సర్వేలు చాలా వచ్చాయి. సీ-స్పాన్ టీవీ వాళ్ళ సర్వేలో 2000లో గ్రాంట్ 33వ స్థానంలో ఉన్నాడు. 2021కి 20వ స్థానానికి ఎక్కాడు. అదే కాలంలో వుడ్రో విల్సన్ 6 నుంచి 13కి దిగిపోయాడు. చనిపోయి వందేళ్ళు దాటిన గ్రాంట్ ఈ ఇరవై ఏళ్ళలో కొత్తగా చేసిందేముంది? ఆయన్ని చదివే తరం మారింది, అంతే.

గ్రాంట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఉండేది రెండు ముక్కలు. బానిసత్వం గొడవ మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది గొప్ప సేనాని, అధ్యక్షుడిగా అవినీతిపరుల చేతిలో బొమ్మ. మొదట్లో నేనూ అదే చెప్పాను. హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. 1964లో మొదలైంది. ఎండాకాలం సెలవుల్లో అక్కడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒక రోజు బల్ల మీద ఒక పక్క పాత చరిత్ర పుస్తకం, ఇంకో పక్క 1871లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు దక్షిణాది నల్లజాతివాళ్ళు ఇచ్చిన సాక్ష్యాల నుంచి కొన్ని పేజీలు పెట్టుకుని చదివాను. ఓటు వేసినందుకు రాత్రిపూట ముసుగులేసుకుని వచ్చి ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళి కొరడాలతో కొట్టారని ఆ మనుషులు పేరూ ఊరూ చెప్పి మరీ సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యాలన్నీ కలిపి 13 సంపుటాలు అచ్చయ్యాయి. పక్కనున్న చరిత్ర పుస్తకంలో మాత్రం ఈ కాలానికి సంబంధించిన అధ్యాయమంతా విస్కీ పన్ను ఎగ్గొట్టిన కుంభకోణమే. ఆ రోజు తర్వాత నా పాఠం మారింది.

గ్రాంట్ చేసిందేమిటో చూడండి. నల్లజాతి మగవాళ్ళకు ఓటు హక్కిచ్చిన 15వ సవరణ ఆయన హయాంలో, 1870లో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది న్యాయశాఖ ఏర్పడింది. 1871 ఏప్రిల్‌లో, ముసుగులేసుకుని దాడులు చేసిన ఆ ముఠా పేరుతోనే, కూ క్లక్స్ క్లాన్ చట్టం వచ్చింది. దక్షిణ కరొలినాలో 9 కౌంటీల్లో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కును, నిలిపివేసి, సైన్యాన్ని పంపి క్లాన్ మనుషులను పట్టించాడు. కేసులు నడిపించిన అటార్నీ జనరల్ ఏమోస్ అకర్మన్ జార్జియా నుంచి వచ్చినవాడు, ఒకప్పుడు దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. వేలమంది మీద అభియోగాలు మోపారు, వందలమందికి శిక్షలు పడ్డాయి. ఆ మొదటి క్లాన్ నడుం విరిగింది.

మిగిలిందేమిటి అన్న నా ప్రశ్నకు ఇక్కడ సూటి జవాబుంది. ఆ 1871 చట్టంలోని మొదటి సెక్షన్ ఇప్పటికీ బతికే ఉంది. అమెరికాలో పోలీసో, జైలు అధికారో ఒక మనిషి రాజ్యాంగ హక్కులను తుంగలో తొక్కితే, బాధితుడు ఫెడరల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసేది దాని ఆధారంతోనే. అక్కడి లాయర్లు ‘సెక్షన్ 1983’ అంటారు. ఆ నంబరు చూసి అది 1983లో వచ్చిన చట్టం అనుకునేవాళ్ళున్నారు. దాని మీద ఉన్నది గ్రాంట్ సంతకం.

మరి ఇంత చేసినవాడు 28వ స్థానానికి ఎలా పడ్డాడు? కొలంబియా యూనివర్సిటీలో విలియం డన్నింగ్ అనే ప్రొఫెసర్, ఆయన శిష్యులు 20వ శతాబ్దం మొదట్లో అంతర్యుద్ధం తర్వాతి కాలం చరిత్రను రాష్ట్రాలవారీగా రాశారు. నల్లవాళ్ళకు ఓటివ్వడమే తప్పు అన్నది వాళ్ళ రాతల సారం. ఆ లెక్కన ఆ ఓటును కాపాడినవాడు దుర్మార్గుడైపోయాడు. 1935లోనే డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ ఈ కథనాన్ని ఆధారాలతో సహా ఎండగట్టాడు. ఆయన నల్లజాతివాడు కాబట్టి విశ్వవిద్యాలయాలు చాలాకాలం పట్టించుకోలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. రెండు మూడు తరాల పిల్లలు, మన దేశంలో పిల్లలతో సహా, ఆ డన్నింగ్ కథనే నమ్మి పరీక్షలు రాశారు.

గ్రాంట్ తప్పుల్ని దాచాల్సిన పనిలేదు. తన సెక్రటరీ ఆర్విల్ బాబ్‌కాక్ విస్కీ కేసులో ఇరుక్కుంటే, అతను మంచివాడని అధ్యక్షుడి హోదాలో ఉండి వాంగ్మూలం ఇచ్చాడు. నమ్మిన మనిషిని అనుమానించడం ఆయనకు చేతకాలేదు. బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడ్డాక అక్కడి స్థానిక తెగలకిచ్చిన ఒప్పందాన్ని కాపాడలేకపోయాడు, యుద్ధానికి దారితీశాడు. 1873 మాంద్యం తర్వాత దక్షిణాదికి సైన్యాన్ని పంపాలన్న పట్టుదల కూడా సడలింది. ఇవన్నీ లెక్కలో వేసినా 28వ స్థానం మాత్రం న్యాయం కాదు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకు దగ్గరి మనిషి సంగతి. జార్జ్ బుష్ అనగానే అందరికీ ఇరాక్ మీదకెళ్ళిన కొడుకు గుర్తొస్తాడు. నేను చెప్పేది తండ్రి గురించి, 1989 నుంచి 1993 వరకూ ఉన్నాయన. ఒక్కసారే గెలిచాడు. గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు గాలప్ సర్వేలో 89 శాతం ఆమోదం ఉన్నవాడు, 1992 నవంబరులో 37 శాతం ఓట్లతో ఓడిపోయాడు. ఆయన గురించి చాలామందికి తెలిసింది ఇంతే.

1990 అనే ఒక్క ఏడాది తీసుకోండి. జులై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. నవంబరు 5న బడ్జెట్ ఒప్పందం మీద. నవంబరు 15న గాలి కాలుష్య చట్టం సవరణల మీద. నవంబరు 29న వలస చట్టం మీద. ఆ ఆఖరి చట్టమే హెచ్1బీ వీసాను ఇప్పుడున్న రూపంలో తెచ్చింది, ఏడాదికి 65,000 అన్న పరిమితితో సహా. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులను ఏడాదికి 1,40,000కు పెంచింది కూడా అదే. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని వై2కే రోజుల్లో విమానం ఎక్కిన మన పిల్లలందరూ ఆ సంతకం తెరిచిన తలుపులోంచే వెళ్ళారు. ఏ ఒక్క దేశానికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన కూడా ఆ చట్టంలోదే. అందువల్లే ఇవాళ మనవాళ్ళు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళకేళ్ళు క్యూలో టెన్షన్‌తో బతుకుతున్నారు. ఒకే కాగితంలో వరమూ ఉంది, శిక్షా ఉంది. ఇందులో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ లాంటివాళ్ళ శ్రమ చాలా ఉంది. అధ్యక్షుడొక్కడే చేశాడని నేను అనను. కానీ వీటో చేసే అధికారం ఉన్నవాడు సంతకం పెట్టడం చిన్న విషయం కాదు.

వికలాంగుల చట్టం విలువ నాకు పుస్తకాల్లో తెలిసింది తక్కువ. అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మా అమ్మను కూడా తీసుకెళ్ళాం. ఆవిడకు మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయి వీల్‌చైర్‌లో ఉండేది. ఇక్కడ ఊళ్ళో ఆవిడ బస్సెక్కి పదేళ్ళయింది. అక్కడ స్టాపులో సిటీ బస్సు ఆగి, బుస్సుమని చప్పుడు చేస్తూ ఫుట్‌పాత్ వైపుకి వంగింది. తలుపు దగ్గర్నుంచి ఒక పలక బయటికొచ్చింది. డ్రైవరు లేచి వచ్చి చైరు లోపలికి తోసి, చక్రాలకు బెల్టులు బిగించి, అప్పుడు బండి తీశాడు. లోపల ఒక్కరూ విసుక్కోలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘ఒరే, నన్ను ఎత్తుకోకుండానే ఎక్కించారు రా’ అంది. ఆ బస్సు అలా వంగడానికి వెనక పెద్ద పోరాటం ఉంది. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో వికలాంగులు తమ చక్రాల కుర్చీలు, కర్రలు కింద వదిలేసి పార్లమెంటు భవనం మెట్లు పాకుకుంటూ ఎక్కారు. వాళ్ళలో 8 ఏళ్ళ పాప కూడా ఉంది. నాలుగు నెలలు తిరిగేసరికి చట్టం వచ్చింది.

బడ్జెట్ సంగతి కూడా వినండి. ‘కొత్త పన్నులు వెయ్యను’ అని 1988లో ఊరూవాడా వినేలా చెప్పి గెలిచాడు. రెండేళ్ళకు లోటు చూసి, ప్రతిపక్షంతో రాజీపడి, పై ఆదాయవర్గం పన్ను రేటు 28 నుంచి 31 శాతానికి పెంచాడు. సొంత పార్టీవాళ్ళే వెన్నుపోటు అన్నారు. 1992లో ఆయన ఓటమికి ఇదొక కారణం. 1990ల చివర్లో బడ్జెట్‌లో మిగులు కనిపించినప్పుడు పేరు క్లింటన్‌కు వచ్చింది. దానికి పునాది వేసినవాళ్ళలో ఓడిపోయిన ఈ మనిషి ఒకడు. ఓడిపోతానని తెలిసీ మాట తప్పడం గొప్పా, తప్పా అని క్లాసులో గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. నా ఓటు ఎప్పుడూ గొప్ప అనేవాళ్ళకే. అయితే అదే 1988 ఎన్నికల్లో నల్లజాతి ఖైదీ ఫోటో చూపించి తెల్ల ఓటర్లను భయపెట్టే ప్రచారం ఆయన పక్షాన జరిగింది. దాన్ని కూడా ఆయన ఖాతాలో రాయాల్సిందే.

హార్డింగ్ గురించి ఒక్క సంగతి చాలు. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు విల్సన్ కాలంలో 10 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ముసలివాడు, జబ్బు మనిషి. విడిచిపెట్టమంటే విల్సన్ ససేమిరా అన్నాడు. 1921 క్రిస్మస్‌కు హార్డింగ్ వదిలేశాడు, వెళ్ళేదారిలో వైట్‌హౌస్‌కు పిలిపించుకుని పలకరించాడు. అదే ఏడాది అక్టోబరులో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో తెల్లవాళ్ళ ఎదుట నిలబడి నల్లవాళ్ళకు రాజకీయ సమానత్వం కావాలన్నాడు. ప్రభుత్వ కార్యాలయాల్లో నల్ల ఉద్యోగులను వేరుచేసి కూర్చోబెట్టిన విల్సన్ మేధావిగా పైన, ఈయన అట్టడుగున ఉండటం నాకు మింగుడుపడదు. చమురు భూముల లీజుల్లో ఆయన మంత్రి లంచం తిని జైలుకెళ్ళిన మాట నిజమే. హార్డింగ్ గొప్పవాడని నేను అనను, ఆఖరివాడు కాదంటాను.

1845లో అధ్యక్షుడైన జేమ్స్ పోక్ సంగతి దీనికి ఎదురు. నాలుగేళ్ళలో అనుకున్న నాలుగు పనులూ చేసి, మళ్ళీ పోటీ చెయ్యకుండా 1849లో ఇంటికెళ్ళి మూడు నెలలకే చనిపోయాడని అందరూ మెచ్చుకుంటారు. ఆ పనుల్లో ఒకటి మెక్సికో మీద యుద్ధం చేసి కాలిఫోర్నియా లాక్కోవడం. వైట్‌హౌస్‌లో ఉంటూనే గుట్టుగా బానిసలను కొన్నాడు కూడా. చేతనైనవాడు అనండి, మంచి అధ్యక్షుడు అనకండి. ఇక అంతర్యుద్ధానికి ముందున్న బుకానన్, లింకన్ తర్వాతొచ్చిన ఆండ్రూ జాన్సన్ లాంటివాళ్ళను కాపాడటానికి ఎవరైనా ప్రయత్నిస్తే నేను ఒప్పుకోను. దేశం చీలిపోతుంటే ఒకడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ హక్కులకు ఇంకొకడు అడుగడుగునా అడ్డుపడ్డాడు.

ఎవరితో మొదలుపెట్టాలి అన్నారు కదా. చెస్టర్ ఆర్థర్‌తో మొదలుపెట్టండి. ఆ పేరు విన్నవాళ్ళు చాలా తక్కువ.

ఆర్థర్ న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసు అధిపతి. దేశానికొచ్చే దిగుమతి సుంకంలో సింహభాగం అక్కడే వసూలయ్యేది. కింద దాదాపు వెయ్యి మంది ఉద్యోగులు, అందరూ పార్టీ సిఫార్సు మీద వచ్చినవాళ్ళే. జీతంలోంచి పార్టీకి ఇంత శాతమని కట్టాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ యంత్రాన్ని నడిపిన సెనేటర్ రాస్కో కాంక్లింగ్‌కు ఆర్థర్ కుడిభుజం. 1878లో అధ్యక్షుడు హేస్ ఆయన్ని ఆ కుర్చీలోంచి తీసేశాడు. 1880లో పార్టీ వర్గాలను సర్దిచెప్పడానికి అధ్యక్ష అభ్యర్థి గార్‌ఫీల్డ్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబెట్టారు. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషన్లో, తనకు ఉద్యోగం ఇవ్వలేదన్న కక్షతో చార్లెస్ గిటో అనేవాడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. ఇక ఆర్థరే అధ్యక్షుడు అని అరిచాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. హత్య చేసినవాడి నోట తన పేరే వచ్చింది, దేశమంతా అనుమానంగా చూస్తోంది. ఆర్థర్ అప్పుడున్న స్థితి అది.

అలాంటి మనిషి 1883 జనవరి 16న పెండిల్టన్ చట్టం మీద సంతకం పెట్టాడు. ప్రభుత్వ ఉద్యోగాలకు పోటీ పరీక్షలు, పార్టీకి డబ్బు కట్టలేదని ఎవరినీ తీసెయ్యకూడదన్న నియమం. తను మెట్లెక్కిన నిచ్చెననే తను విరగ్గొట్టాడు. మొదట్లో పదింట ఒక వంతు ఉద్యోగాలకే అది వర్తించింది. కానీ అధ్యక్షుడు తలుచుకుంటే పరిధి పెంచుకోవచ్చని చట్టంలో ఉంది. దిగిపోయే ప్రతి అధ్యక్షుడూ తన మనుషులను వచ్చేవాడు తీసెయ్యకుండా వాళ్ళ పోస్టులను అందులో చేర్చుకుంటూ పోయాడు. అలా స్వార్థం మీదే ఆ సంస్కరణ పెరిగింది. 1882 ఎన్నికల్లో సొంత పార్టీ దెబ్బతినడం కూడా ఆర్థర్‌ను అటు నెట్టిందన్నది నిజం.

దీనికి మన వైపు నుంచి ఒక పోగు ఉంది. ఈ పరీక్షల పద్ధతిని అమెరికన్లు బ్రిటన్‌ను చూసి నేర్చుకున్నారు. బ్రిటన్‌లో 1854లో దీన్ని సిఫార్సు చేసిన ఇద్దరిలో ఒకడు చార్లెస్ ట్రెవెల్యన్. ఆయన అంతకుముందు ఇండియాలో కంపెనీ ఉద్యోగి. తర్వాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆయన కిందే ఉండేవి.

ఆర్థర్ ఖాతాలో నల్లమచ్చ కూడా పెద్దదే. చైనా కూలీలు 20 ఏళ్ళపాటు రాకూడదన్న బిల్లును 1882 ఏప్రిల్‌లో వీటో చేశాడు. పదేళ్ళకు తగ్గించి మళ్ళీ పంపితే మే 6న సంతకం పెట్టేశాడు. ఒక జాతిని వేలెత్తి చూపి తలుపు మూసిన ఆ ధోరణే పెరిగి పెరిగి 1917 నాటికి భారతీయులనూ బయట నిలబెట్టింది. మనవాళ్ళకు ఏడాదికి 100 మంది లెక్కన తలుపు తెరుచుకున్నది 1946లో. యువ లాయరుగా ఉన్నప్పుడు ఇదే ఆర్థర్, ట్రామ్‌లోంచి తోసేసిన నల్లజాతి టీచరు ఎలిజబెత్ జెన్నింగ్స్ తరఫున వాదించి, 1855లో 225 డాలర్ల పరిహారం ఇప్పించాడు. ఈ రెండూ చేసింది ఒక్క మనిషే. చదివేటప్పుడు రెండూ పక్కపక్కనే పెట్టుకోండి.

ఆయన మారడానికి కారణం ఏమిటంటే ఎవరూ ఒక్కటని చెప్పలేరు. ముందు ఏడాదే భార్య చనిపోయింది. కిడ్నీ జబ్బు లోపల్లోపల తినేస్తోంది, అది ఎవరికీ చెప్పలేదు. ఇంకొకటి, జూలియా శాండ్. న్యూయార్క్‌లో ఉండే 31 ఏళ్ళ మనిషి, అనారోగ్యంతో ఇంటి పట్టునే ఉండేది. ఆర్థర్‌కు ఆవిడెవరో తెలియదు. గార్‌ఫీల్డ్ ఇంకా మంచం మీద ఉండగానే, 1881 ఆగస్టులో ఆవిడ ఉత్తరం రాసింది. జనం ఏడుస్తున్నది ఆయన పోతున్నందుకు కాదు, ఆ స్థానంలోకి మీరొస్తున్నందుకు అని మొహమాటం లేకుండా రాసింది. మీలో మంచి ఉంటే దాన్ని బయటపెట్టే సమయం ఇదే, మారండి అంది. ఆ తర్వాత రెండేళ్ళలో 23 ఉత్తరాలు. మంచి పని చేస్తే మెచ్చుకుంది, తప్పు చేస్తే తిట్టింది. ఆయన ఏ ఒక్క ఉత్తరానికీ జవాబు రాసిన దాఖలా లేదు. 1882 ఆగస్టులో ఒక సాయంత్రం మాత్రం చెప్పాపెట్టకుండా ఆవిడ ఇంటి ముందు బండి దిగాడు. ఇంట్లోవాళ్ళు కంగారుపడుతుంటే కూర్చుని దాదాపు గంటసేపు మాట్లాడి వెళ్ళాడు.

1886 నవంబరు 18న ఆర్థర్ చనిపోయాడు. పోయేముందు తన కాగితాలన్నీ తగలబెట్టించాడు. ఆవిడ ఉత్తరాలు మాత్రం ఆ మంటల్లో పడలేదు. 1958లో మనవడి దగ్గర బయటపడ్డాయి, ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ముందు అవి చదవండి.